నాలుగు షీట్లు, ఒక్క పటం: మర్జ్ చేయాలా, వర్చువల్ రాస్టర్ చాలా?

నల్లగొండ చుట్టూ పది కిలోమీటర్ల మేర పాత చెరువులు, కుంటలు ఎక్కడెక్కడ ఉండేవో ప్రభుత్వ సర్వే పటమైన టోపోషీట్‌లో చూద్దామని కూర్చుంటే మొదటి చిక్కు అక్కడే ఎదురవుతుంది. ఊరు 56 ఓ/8 నంబరు షీట్‌లో ఉంది. కానీ ఓ మూలకు ఉంది. పడమటి పక్కనే 79 డిగ్రీల 15 నిమిషాల రేఖ, దక్షిణాన ఆరేడు కిలోమీటర్లలో 17 డిగ్రీల రేఖ. నార్కట్‌పల్లి వైపు పోతే 56 ఓ/4 కావాలి, గుర్రంపోడు వైపు పోతే 56 పి/1, హాలియా వైపు పోతే 56 పి/5. అంటే ఒక్క ఊరి పరిసరాలకు నాలుగు షీట్లు. పాలమూరు వాళ్ళు నవ్వుకోనక్కర్లేదు. మహబూబ్‌నగర్ కూడా 78 డిగ్రీల రేఖకు, 16 డిగ్రీల 45 నిమిషాల రేఖకు ఆనుకునే ఉంది. వాళ్ళకు 56 హెచ్/13, హెచ్/14, ఎల్/1, ఎల్/2 నాలుగూ ముందేసుకోవాల్సిందే. గళ్ళు గీసినవాళ్ళకు మన జిల్లా కేంద్రాల మీద ఏం పగో!

స్కాన్ చేసిన ఈ షీట్లను ఒక్క లేయర్‌గా (పొరగా) చేయడానికి క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో దారులు చాలానే ఉన్నాయి. లేయర్లను ఒక గ్రూపులో పెట్టి ఊరుకోవచ్చు. వర్చువల్ రాస్టర్ (రాస్టర్ అంటే పిక్సెళ్లతో ఉన్న బొమ్మ) కట్టవచ్చు. మర్జ్ చేసి ఒకే పెద్ద టిఫ్ ఫైలు తీయవచ్చు. కమాండ్ లైన్‌లో అయితే వార్ప్ అనే టూల్‌తో కలపడం, ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదును పటంగా పరిచే పద్ధతి) మార్చడం ఒకే దెబ్బలో చేయవచ్చు. ఏది మంచిది అని అడిగితే నేను తిరిగి ఒకటే అడుగుతాను: కలిపింది దేనికి? మీరు చూసుకోవడానికా, లెక్కలు తీయడానికా, ఇంకొకరికి ఇవ్వడానికా? నా వరకు చూసుకోవడానికీ లెక్కలకూ వర్చువల్ రాస్టరే. మర్జ్ జోలికి పోయేది ఫైలు నా చేయి దాటేటప్పుడు మాత్రమే. చాలామంది దీన్ని తలకిందులు చేసి, మొదటి రోజే మర్జ్ కొట్టి, వారం తర్వాత ఒక షీట్ పక్కకు జరిగిందని తెలిసి మొత్తం మళ్ళీ చేస్తారు. నేనూ చేశాను.

గ్రూప్ సంగతి ముందు తేల్చేద్దాం. తెర మీద నాలుగు షీట్లు పక్కపక్కన కనబడితే చాలు, వాటి మీద చెరువుల హద్దులు గీసుకుంటాం అనుకుంటే నిజానికి ఏమీ కలపనక్కర్లేదు. నాలుగింటినీ ఎంచుకుని గ్రూప్ చేయండి. క్యూజీఐఎస్ 3.24 నుంచి గ్రూపు మొత్తానికి ఒకే పారదర్శకత పెట్టే వీలు వచ్చింది కాబట్టి ఉపగ్రహ చిత్రం మీద షీట్లను పలుచగా వేసి చూడడం కూడా తేలికే. దీని పరిమితి ఒక్కటే: టూల్స్‌కు గ్రూపు కనబడదు. కొలవాలన్నా, కత్తిరించాలన్నా, ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకి పంపాలన్నా అవి నాలుగు వేర్వేరు ఫైళ్ళే.

వర్చువల్ రాస్టర్: నాలుగు కేబీల మాయ

రాస్టర్ మెనూలో మిసలేనియస్ కింద బిల్డ్ వర్చువల్ రాస్టర్ ఉంటుంది. ఇది బొమ్మలను కలపదు. ఏ బొమ్మ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసిన చిన్న చీటీని తయారు చేస్తుంది. ఈ చీటీయే వీఆర్‌టీ ఫైలు. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి, ఫైళ్ళ దారులు, పిక్సెళ్ల అంకెలు అన్నీ చదవగలిగేలా ఉంటాయి. క్షణంలో తయారవుతుంది, డిస్కులో చోటు దాదాపు పట్టదు. అన్నిటికన్నా మేలు ఏమిటంటే, ఒక షీట్‌ను మళ్ళీ జియోరెఫరెన్స్ చేయాల్సి (భూమి మీది అసలు చోటికి సరిపెట్టాల్సి) వస్తే ఆ ఒక్క ఫైలు మార్చి, వీఆర్‌టీ మళ్ళీ కట్టుకుంటే అయిపోతుంది.

మొదటిసారి వాడేవాళ్ళు దాదాపు అందరూ పడే గుంట ఒకటుంది. ఆ డైలాగ్ పెట్టెలో ఒక్కో ఫైలును వేరు బ్యాండ్‌లో (బొమ్మలోని ఒక రంగు పొర) పెట్టమనే టిక్కు ముందే కొట్టి ఉంటుంది. మీరు గమనించకుండా రన్ నొక్కితే నాలుగు షీట్లు వేర్వేరు బ్యాండ్లవుతాయి. తెర మీద ఒక షీట్ మొత్తం ఎర్రగా, ఇంకోటి పచ్చగా, మూడోది నీలంగా, హోలీ ఆడినట్టు కనబడవచ్చు. సాఫ్ట్‌వేర్ చెడిపోయిందని టెన్షన్ పడకండి. పక్కపక్కన అతికించే పనికి ఆ టిక్కు తీసేయాలి. ఆ టిక్కు పనికొచ్చే సందర్భం వేరే ఉంది: సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రంలో 2, 3, 4, 8 బ్యాండ్లు నాలుగు ఫైళ్ళుగా వస్తాయి, చోటు ఒకటే. వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి రంగుల చిత్రం చేసుకోవాలంటే టిక్కు ఉండాల్సిందే. పక్కపక్కన ఉన్నవాటికి వద్దు, ఒకే చోటువాటికి కావాలి.

అదే పెట్టెలో రిజల్యూషన్ దగ్గర యావరేజ్ అని ఉంటుంది. స్కాన్లు వేర్వేరు రోజుల్లో వేర్వేరు చోట్ల చేసినవైతే పిక్సెల్ సైజుల్లో తేడా ఉంటుంది కాబట్టి హైయెస్ట్ పెట్టుకోండి. సన్నటి కాంటూరు రేఖలు మసకబారకుండా ఉంటాయి.

వీఆర్‌టీతో నా పరువు పోయిన కథ కూడా చెప్పాలి. ఒక చెరువుల పని మీద ఒక ఇంజనీరు గారికి పెన్‌డ్రైవ్‌లో పటం పంపాను. తెల్లారి ఫోను: "ఏం సార్, నాలుగు కేబీల ఫైలు ఇచ్చారు, ఇందులో చెరువులు ఎక్కడున్నయ్?" చీటీ పంపి సరుకు మర్చిపోయానన్నమాట. వీఆర్‌టీ ఎప్పుడూ అసలు టిఫ్ ఫైళ్ళతో కలిసి తిరగాలి. అందుకే ఇప్పుడు షీట్లూ వీఆర్‌టీ ఒకే ఫోల్డర్‌లో పెడతాను. అలా పెడితే దారులు ఆ ఫోల్డర్‌ను బట్టే రాసుకుంటుంది, ఫోల్డర్ మొత్తం కాపీ చేస్తే ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటుంది.

మర్జ్: ఎప్పుడు, ఎంత బరువు

మర్జ్ అదే మెనూలో పక్కనే ఉంటుంది. ఇది పిక్సెళ్లన్నిటినీ నిజంగా కొత్త ఫైలులోకి రాస్తుంది. ఇంకొకరికి ఇవ్వడానికి, ఫోన్ యాప్‌లో వేసుకోవడానికి, పదేళ్ళు దాచిపెట్టడానికి ఇదే సరైనది. ఒక ఫైలు, ఒక పేరు, పోగొట్టుకోవడానికి వేరే ముక్కలుండవు.

బరువు ఎంతో ఒకసారి లెక్కేసుకోండి. 1:50,000 స్కేలు షీట్‌ను 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేస్తే ఒక పిక్సెల్ నేల మీద సుమారు 4.2 మీటర్లు. మన అక్షాంశంలో షీట్ వెడల్పు దాదాపు 26.6 కిలోమీటర్లు, ఎత్తు 27.7 కిలోమీటర్లు. అంటే అడ్డంగా 6,300, నిలువుగా 6,500 పిక్సెళ్లు. మొత్తం నాలుగు కోట్ల పైచిలుకు. మూడు రంగుల బ్యాండ్లకు 120 ఎంబీ దాటుతుంది. నాలుగు షీట్లకు అర జీబీ. 56 ఓ మొత్తం, అంటే 16 షీట్లు కలిపితే రెండు జీబీ దగ్గరికి వస్తుంది. మామూలు టిఫ్‌కు నాలుగు జీబీల హద్దుంది. పాత జిల్లా మొత్తాన్ని ఇంకా పెద్ద రిజల్యూషన్‌తో కలిపేటప్పుడు, కంప్రెషన్ పెట్టినా ఫైలు ఆ హద్దు దాటేలా ఉంటే, బిగ్‌టిఫ్ ఆప్షన్ ఇవ్వకపోతే పని మధ్యలో ఎర్ర అక్షరాలతో ఆగిపోవచ్చు.

అడ్వాన్స్‌డ్ కింద కంప్రెషన్ పెట్టకపోతే మర్జ్ ఏ కుదింపూ లేకుండా రాస్తుంది. టోపోషీట్లకు, నక్షాలకు డిఫ్లేట్ అనే కుదింపు పెట్టండి. జేపెగ్ పెడితే ఫైలు ఇంకా చిన్నదవుతుంది గానీ సన్నటి అక్షరాల చుట్టూ దుమ్ము పట్టినట్టు మరకలొస్తాయి, ఊరి పేరు చదవడం కష్టం. డ్రోన్ ఫొటోలకు మాత్రం జేపెగ్ బాగానే ఉంటుంది. కలిపాక బిల్డ్ ఓవర్‌వ్యూస్ (బొమ్మకు చిన్న సైజు నకళ్ళు చేసే టూల్) నడపడం మర్చిపోవద్దు. అది లేకపోతే మొత్తం పటం కనబడేలా జూమ్ వెనక్కి తీసిన ప్రతిసారీ టీ తాగి రావచ్చు.

ఒకదాని మీద ఒకటి పడే చోట మర్జ్‌లోనూ వీఆర్‌టీలోనూ రూలు ఒకటే: జాబితాలో చివర ఉన్న ఫైలు పైన పడుతుంది. లేయర్ల ప్యానెల్‌లో పైనున్నది పైన కనబడుతుంది కదా, దానికి ఇది రివర్స్. మర్జ్‌కు ఇంకో గుణముంది, పిక్సెల్ సైజు మొదటి ఫైలు నుంచి తీసుకుంటుంది. మొదట పెట్టింది నాసి స్కాన్ అయితే మిగతా మంచి స్కాన్లన్నీ దాని స్థాయికి దిగిపోతాయి.

అతికే ముందు చేయాల్సిన పని

నిజం చెప్పాలంటే మర్జా వీఆర్‌టీయా అన్న ప్రశ్న చివరి ఐదు నిమిషాలది. అతుకు బాగా రావడం, రాకపోవడం అంతకు ముందే తేలిపోతుంది.

టోపోషీట్ చుట్టూ తెల్లటి అంచు, అందులో గుర్తుల వివరణ ఉంటాయి. అంచు తీయకుండా కలిపితే ఒక షీట్ అంచు పక్క షీట్‌లోని ఊళ్ళను మింగేస్తుంది. అంచు కత్తిరించడానికి ఫొటోషాప్‌కు పోయేవాళ్ళను చూశాను, వద్దు. పాత షీట్లు ఎవరెస్ట్ గోళాకృతి (భూమి ఆకారానికి పాత లెక్క) మీద గీసినవి. వాటిని జియోరెఫరెన్స్ చేసేటప్పుడే దానికి సరిపోయే కొలతల పద్ధతి, కళ్యాణ్‌పూర్ 1975, కోడ్ 4146, ఎంచుకుంటే షీట్ మూలలు కచ్చితమైన అంకెల్లో పడతాయి. 56 ఓ/8 అయితే 79.25, 79.5, 17, 17.25. ఇక క్లిప్ రాస్టర్ బై ఎక్స్‌టెంట్‌లో ఆ నాలుగు అంకెలు టైప్ చేస్తే చాలు, అంచు కత్తితో కోసినట్టు పోతుంది. పక్క షీట్‌కు పక్క అంకెలు. నాలుగూ ఒకే రేఖ దగ్గర కలుస్తాయి, మధ్యలో సందు కూడా రాదు. అదే షీట్‌ను పొరపాటున నేరుగా జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 అనుకుని జియోరెఫరెన్స్ చేస్తే మొత్తం పటం వంద మీటర్లకు పైగా పక్కకు జరుగుతుంది. చెరువు కట్ట ఉపగ్రహ చిత్రంలో పొలాల మధ్య తేలుతుంది. అప్పుడు మర్జ్‌ను తిట్టి లాభం లేదు.

ఇక్కడే వరుస కూడా ముఖ్యం. చాలామంది ఒక్కో షీట్‌ను విడిగా యూటీఎంలోకి (మీటర్లలో కొలిచే ప్రొజెక్షన్) మార్చి, తర్వాత కలుపుతారు. మార్చినప్పుడు షీట్ కొద్దిగా తిరుగుతుంది, నాలుగు పక్కలా నల్లటి సన్నటి త్రికోణాలు వస్తాయి, అవి పక్క షీట్ మీద పడతాయి. నేను ముందు కత్తిరించి, 4146లోనే వీఆర్‌టీగా కలిపి, కలిపినదాన్ని ఒక్కసారి వార్ప్ చేస్తాను. నల్ల త్రికోణాలు వచ్చినా పటం వెలుపలే వస్తాయి.

ఆ నలుపును పోగొట్టడానికి సున్నాను నోడేటా (డేటా లేని చోటు) అని చెప్పేస్తుంటారు. టోపోషీట్ మీద నల్ల సిరాతో అచ్చయిన ఊరి పేర్లలోనూ సున్నా పిక్సెళ్లుంటాయి. అవి కూడా మాయమై, అక్షరాల్లోంచి కింది ఉపగ్రహ చిత్రం చిల్లులు పడ్డట్టు కనబడుతుంది. దీనికి నోడేటా కాదు, ఆల్ఫా బ్యాండ్ (ఏ పిక్సెల్ కనబడాలో చెప్పే పొర) మందు. క్లిప్ బై మాస్క్ లేయర్‌లో దానికి ఒక టిక్కు ఉంది.

రంగుల సంగతి ఇంకోటి. కొన్ని స్కాన్లు 256 రంగుల పట్టికతో ఒకే బ్యాండ్‌గా ఉంటాయి. ఒక్కో షీట్ పట్టిక వేరు. మొదటి ఫైలు పట్టిక తీసుకొమ్మనే టిక్కు కొడితే మర్జ్ దాన్నే అందరికీ తొడుగుతుంది, దాంతో పక్క షీట్‌లో నీళ్ళు గులాబీ రంగులోకి, అడవి బూడిద రంగులోకి మారవచ్చు. వీఆర్‌టీ కాస్త నిజాయితీగా, పట్టికలో రంగుల సంఖ్య కలవని ఫైలును చేర్చుకోనని లాగ్‌లో రాసి వదిలేస్తుంది, సంఖ్య కలిసి రంగులే వేరైతే అక్కడే హెచ్చరించి కలిపేస్తుంది. నాలుగు పెడితే ఒకటే కనబడుతోందంటే ఆ లాగ్ చదవండి. కన్వర్షన్ కింద పీసీటీ టు ఆర్‌జీబీ నడిపి అన్నిటినీ మూడు బ్యాండ్లు చేసుకుంటే రెండు దారులూ తెరుచుకుంటాయి.

పాలమూరు వాళ్ళ ప్రత్యేక తలనొప్పి

యూటీఎం 43వ జోన్, 44వ జోన్ విడిపోయేది 78 డిగ్రీల దగ్గర. ఆ రేఖ మహబూబ్‌నగర్ పక్కనుంచే పోతుంది. మక్తల్, నారాయణపేట, గద్వాల 43లో, జడ్చర్ల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 44లో. నల్లగొండ మొత్తం హాయిగా 44లోనే. అందుకే నల్లగొండలో నేర్చుకున్న పద్ధతిని పాలమూరులో అలాగే వాడితే దెబ్బ తగులుతుంది. సెంటినెల్-2 చిత్రాలు తెచ్చుకుంటే పడమటి పలకలు 32643లో (43వ జోన్ కోడ్), తూర్పు పలకలు 32644లో (44వ జోన్ కోడ్) ఉంటాయి.

వీటిని నేరుగా మర్జ్ చేస్తే ఏమవుతుందో చూడండి. మహబూబ్‌నగర్ దగ్గర 78 డిగ్రీల రేఖ 43వ జోన్‌లో సుమారు 8,20,000 ఈస్టింగ్ (మీటర్లలో తూర్పు కొలత) అవుతుంది. అదే రేఖ 44వ జోన్‌లో సుమారు 1,80,000. మర్జ్ ప్రొజెక్షన్ చూడదు, అంకెలే చూస్తుంది. దాంతో జడ్చర్ల వైపు ముక్క 640 కిలోమీటర్లు పడమటికి, అరేబియా సముద్రం దిక్కుకు ఎగిరిపోతుంది. మధ్యలో అంత మేరా ఖాళీ పిక్సెళ్లతో ఫైలు ఉబ్బిపోతుంది. కలపబోయేవి వంద కిలోమీటర్ల పలకలే అయినా ఫైలు పది జీబీలు అయిందంటే జోన్ తేడా అని తెలుసుకోండి.

వీఆర్‌టీ పెట్టెలో ప్రొజెక్షన్ తేడాను అనుమతించే టిక్కు ఒకటి కనబడుతుంది. దాన్ని కొడితే సమస్య తీరుతుందనుకుంటాం. తీరదు. అది తేడాను సరిచేయదు, పట్టించుకోకుండా కళ్ళు మూసుకుంటుంది. ఇలాంటి చోట గెలిచేది వార్ప్. ఒక పక్క ముక్కలను వార్ప్‌తో 44లోకి మార్చి, ఆ తర్వాత మిగతావాటితో వీఆర్‌టీ కట్టండి. కమాండ్ లైన్ అలవాటున్నవాళ్ళు జీడాల్‌వార్ప్ కమాండ్‌కు రెండు జోన్ల ఫైళ్ళూ కలిపి ఇచ్చి, గమ్యం 32644 అని చెబితే ఒకే అడుగులో అయిపోతుంది. క్యూజీఐఎస్‌లోని వార్ప్ పెట్టె ఒకసారికి ఒక ఫైలునే తీసుకుంటుంది కాబట్టి అక్కడ బ్యాచ్‌గా నడపాలి. మీ పని ఎక్కువ భాగం గద్వాల, మక్తల్ వైపు ఉంటే 43నే గమ్యంగా పెట్టుకోండి, తప్పేం లేదు.

వేర్వేరు తేదీల చిత్రాలను అతికితే రంగు తేడా గీతలాగా కనబడుతుంది. ఒక పక్క యాసంగి వరి పచ్చగా, ఇంకో పక్క కోత అయిన పొలం. మర్జ్‌కు, వీఆర్‌టీకి దీన్ని కలిపే తెలివి లేదు. ఆర్ఫియో టూల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లోని మొజాయిక్ పరికరం అతుకులను మెత్తగా కలిపి, రంగులు సర్దుతుంది. గోడకు వేలాడదీసే పటానికి బాగుంటుంది. పంట విస్తీర్ణం లెక్కకు మాత్రం సర్దిన రంగులు వాడొద్దు, ఆ అంకెలు ఇక ఉపగ్రహం కొలిచినవి కావు.

ఎత్తుల పలకలు, మూసీ

ఎస్ఆర్‌టీఎం (అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచిన) ఎత్తుల డేటా ఒక డిగ్రీ పలకలుగా వస్తుంది, పలకకు దాని నైరుతి మూల అంకెలే పేరు. మూసీ పరీవాహకం తీయాలనుకోండి. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో 77 పలకలో పుట్టి, హైదరాబాద్ మీదుగా 78లో నడిచి, వలిగొండ దగ్గర 79లోకి వచ్చి, చివరకు వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేసరికి 17 డిగ్రీల రేఖ దాటి కింది పలకలోకి దిగుతుంది. మొత్తం నాలుగు పలకలు. ఒక్కో పలకకు విడిగా వాటర్‌షెడ్ (పరీవాహకం) తీసి తర్వాత అతికే ఆలోచన పెట్టుకోకండి. పై పలక నుంచి వచ్చే నీళ్ళ సంగతి కింది పలకకు తెలియదు, మూసీ వలిగొండలోనే పుట్టినట్టు లెక్క వస్తుంది. ముందు కలపాలి, తర్వాతే లెక్క.

ఈ పలకలు పక్కదానితో ఒక వరుస పిక్సెళ్లు పంచుకుంటాయి, అతుకు కనబడదు, వీఆర్‌టీ చక్కగా సరిపోతుంది. డేటా లేని చోట మైనస్ 32768 ఉంటుంది. దాన్ని నోడేటాగా చెప్పకపోతే రంగుల స్కేలు మైనస్ 32768 నుంచి మొదలై నల్లమల నుంచి కృష్ణ ఒడ్డు దాకా అంతా ఒకే రంగులో చదునుగా కనబడుతుంది. యూటీఎంలోకి మార్చేటప్పుడు ఎత్తులకు బైలీనియర్ (చుట్టుపక్కల పిక్సెళ్ల సగటు) ఎంచుకోండి. భూవినియోగం పటాలకు మాత్రం నియరెస్ట్ నైబర్ (దగ్గరి పిక్సెల్ విలువనే తీసుకునేది) తప్ప ఇంకోటి వద్దు. నీళ్ళకు 1, వరికి 5 అని కోడ్ ఉంటే బైలీనియర్ చెరువు ఒడ్డంతా 3 అని రాసేస్తుంది. ఆ 3 ఏ పత్తి చేనో అయి కూర్చుంటుంది.

ఆర్క్‌జీఐఎస్ (ఇంకో పటాల సాఫ్ట్‌వేర్) వాడేవాళ్ళకు ఒక్క మాట. మొజాయిక్ టు న్యూ రాస్టర్‌లో పిక్సెల్ రకం 8 బిట్‌గా ముందే ఉంటుంది. అందులో 255 వరకే పడుతుంది. పాలమూరు పీఠభూమి అంతకంటే ఎత్తు. 16 బిట్ సైన్డ్‌కు మార్చి నడపండి.

గ్రామ నక్షాల విషయంలో నా సలహా వేరు. పక్కపక్క ఊళ్ళ నక్షాలను కలపొద్దు. రెండు ఊళ్ళ శివారు గీత రెండు నక్షాల్లో ఒకేలా ఉండడం అరుదు, కొన్ని చోట్ల సందు, కొన్ని చోట్ల ఒకదాని మీద ఒకటి. మర్జ్ చేస్తే పైన పడ్డ నక్షా గెలిచినట్టవుతుంది, కింద పడ్డ ఊరి సర్వే నంబరు మాయమవుతుంది. రేపు ఎవరైనా ఆ పటం పట్టుకుని గట్టు దగ్గర నిలబడితే జవాబు మీరే చెప్పాలి. ఒక్కో ఊరిని దాని శివారు వెంట క్లిప్ బై మాస్క్‌తో కత్తిరించి, గ్రూపులో ఉంచి, పేచీ ఉన్న చోట రెండూ ఆన్ ఆఫ్ చేసి చూసుకోవడమే నయం.

చేతికిచ్చే ముందు నేను చేసే పరీక్ష చిన్నది. మర్జ్ చేసిన టిఫ్ ఒక్కదాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి, అసలు షీట్లు లేని ఇంకో కంప్యూటర్‌లో తెరుస్తాను. నాలుగు షీట్లు కలిసే మూల, నల్లగొండకైతే ఊరికి దక్షిణాన, పడమటికి కాస్త వాలి ఉంటుంది, అక్కడికి జూమ్ చేస్తాను. ఒక షీట్ నుంచి ఇంకో షీట్‌కు దాటే రోడ్డు, ఒక వాగు, ఒక కాంటూరు రేఖ పట్టుకుని చూస్తాను. రోడ్డు విరగకుండా దాటితే పెన్‌డ్రైవ్ కవర్లో పెట్టేస్తాను. విరిగితే వీఆర్‌టీ ఫోల్డర్ ఎటూ ఉంది, ఆ ఒక్క షీట్ పాయింట్లు మళ్ళీ పెడతాను.